విశాఖలో ఒక రోజు ఊరూ రుచులూ: పొద్దున భేష్, మధ్యాహ్నం అంతంతమాత్రం

విశాఖపట్నంలో ఊరు చూపిస్తూ ఊరి రుచులు తినిపించే ఒక రోజు కారు యాత్రలు ఈమధ్య బాగా పెరిగాయి. తెల్లవారకముందే ఇంటి దగ్గర ఎక్కించుకొని, రాత్రి మళ్లీ ఇంటి దగ్గర దింపే వరకు బాధ్యత వారిదే. మాఘమాసంలో కర్నూలు నుంచి మా అన్నయ్యా వదినా, పదేళ్ల మేనల్లుడు, వారితో మా పిన్నీ వచ్చినప్పుడు అలాంటి ఒక సంస్థ దగ్గర శనివారానికి యాత్ర మాట్లాడుకున్నాం. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు కనిపించిన లోపాలు ఆ ఒక్కరివే అనుకోను. ఇలాంటి సంస్థల కరపత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే పట్టిక దాదాపు ఒకటే, మారేది కారు రంగే. ఇలాంటి యాత్ర కొనుక్కోబోయేవారు అందులో ఏది ఉంచుకోవాలో, ఏది తీసివేయించుకోవాలో తెలుసుకోవడానికి ఈ సమీక్ష పనికొస్తే చాలు.

ఏడుగురు పట్టే కారు, డ్రైవరు, గైడు, ఉదయం టిఫిను, మధ్యాహ్న భోజనం, సాయంత్రం చిరుతిళ్లు అన్నీ కలిపి మా అందరికీ రూ. 9,500 తీసుకున్నారు, మ్యూజియంల టికెట్లు, గుళ్లలో ప్రత్యేక దర్శనం వంటివి మన ఖర్చే. అదే కారును రోజు అద్దెకు మాట్లాడుకొని మనకు నచ్చిన చోట తింటే ఇంతకన్నా తక్కువలో అయిపోతుంది కదా అని మా అన్నయ్య ముందే అన్నాడు. లెక్క ప్రకారం ఆ మాట నిజమే. అయితే ఉదయం ఐదు నుంచి పదకొండు గంటల వరకు నడిచిన భాగం, ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్న నాకు కూడా తెలియని సంగతులు చూపించింది. దానికి ఇచ్చిన డబ్బు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. మధ్యాహ్నం నుంచి మాత్రం ఊరి వేళలను పక్కన పెట్టి, ఆఫీసు పట్టికను పట్టుకొని నడిపించారు. నా మెప్పుకూ ఫిర్యాదుకూ కారణం ఇదే.

మొదటి మజిలీ నగరంలోని పాత భాగమైన పాతపట్నం చివరనున్న చేపల రేవు. అంత పొద్దున్నే అతిథులను చేపల వాసనలోకి తీసుకుపోవడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు గాని, విశాఖలో తినబోయే భోజనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ఇంతకు మించిన చోటు లేదు. మేము చేరేసరికి ఇంకా చీకటి విడిపోలేదు. వేట ముగించుకొని వచ్చిన మరబోట్లు ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. బోట్లలోంచి గంపలు గట్టు మీదికి దిగుతున్నాయి. దీపాల వెలుతురులో వేలం జరుగుతోంది. వేలం పాడే మనిషి ధర చెప్పే వేగం కొత్తవారికి ఒక పట్టాన అందదు. ఎవరు తల ఊపారో, ఎవరు వేలు ఎత్తారో మనం గమనించేలోపే గంప ఒకరిదైపోయి పక్క గంప మీద పాట మొదలవుతుంది.

గైడు ఆ రేవు పక్క పేటలోనే పుట్టి పెరిగిన కుర్రవాడు కావడం వల్ల అతని పనితనం ఇక్కడ బాగా కనిపించింది. ఒక వంజరాన్ని చేతిలోకి తీసుకొని, మొప్ప ఎత్తి లోపలి ఎరుపును చూపించాడు. పొట్ట మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట వెంటనే పూడిపోతే ఆ చేప తాజాదని, నొక్కు అలాగే నిలిచిపోతే ఐసులో రోజులు గడిపినదని చెప్పాడు. కళ్లు తెల్లబడి లోపలికి దిగిన చందువాను దాని పక్కనే పెట్టి తేడా చూపించేసరికి, ఇంట్లో చేపలు కొనే పని తనదే కనుక మా వదిన అతన్ని వదలకుండా ప్రశ్నలు వేసింది. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, పీతలు, నాలుగైదు సైజుల రొయ్యలు, సిమెంటు నేల మీద వరసగా పరిచిన బరువైన సూరలు (ట్యూనా చేపలు): ఇన్ని రకాలను ఒకే చోట చూసే అవకాశం రాయలసీమ నుంచి వచ్చినవారికి సులభంగా దొరకదు. ఆ సూరల్లో చాలా భాగం మన వంటిళ్లకు రాదని, ఐసు పెట్టెల్లో కేరళ వైపు వెళ్లిపోతుందని కూడా అక్కడే విన్నాం.

మేము ఎంతసేపటికీ కదలకపోవడం చూసి, గంప ముందు కూర్చున్న ఒక పెద్దావిడ “ఏటమ్మా, సూడ్డానికొచ్చారా, కొనడానికొచ్చారా?” అని నవ్వుతూ నిలదీసింది. ఆ ప్రశ్నకు సంస్థ దగ్గర జవాబు లేకపోవడం పెద్ద లోటు. పొద్దున రేవులో కొన్న చేపను మధ్యాహ్నం వండించి పెట్టే ఏర్పాటు ఒక్కటి ఉంటే ఈ యాత్రకు సాటి వచ్చేది ఉండదు. అడిగితే అలాంటి వీలు లేదన్నారు. ఎందుకు లేదో చెప్పలేదు. ఇక రేవులో నేలంతా తడి, ఐసు కరిగిన నీళ్లు. జారని చెప్పులు వేసుకొని రమ్మని సంస్థవారు ముందురోజే ఫోను చేసి చెప్పడం మాత్రం మెచ్చుకోదగిన పని.

టిఫినుకు జగదాంబ కూడలికి దగ్గరలో, బల్లలు నాలుగే ఉన్న ఒక చిన్న హోటలుకు తీసుకువెళ్లారు. విశాఖలో ఇడ్లీకి బొంబాయి చట్నీ ఎంత ముఖ్యమో బయటి ఊళ్లవారికి చెబితే నమ్మరు. శెనగపిండిని నీళ్లలో కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో పోసి, చిక్కబడేదాకా ఉడికించి, చివరలో నిమ్మరసం పిండిన ఆ పచ్చని చట్నీ వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది. చల్లారితే గడ్డకట్టి ఎవరికీ పనికిరాదు. ఈ హోటల్లో దానిని పెద్ద గిన్నెలో సన్నని సెగ మీద ఉంచి, అడిగినప్పుడల్లా గరిటెతో వడ్డించారు. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీతో పొద్దు మొదలుపెట్టే మా అన్నయ్య మొదట అనుమానంగానే చూసినా, తర్వాత ఇడ్లీలకన్నా చట్నీనే ఎక్కువసార్లు అడిగాడు. పెసరట్టు పొట్టు తీయని పెసలతో రుబ్బినదే గాని, లోపలి ఉప్మాలో డాల్డా వాసన తగిలింది. అంత బాగా వండేచోట ఆ పొదుపు ఎందుకో తెలియదు.

అక్కడి అసలైన వంటకం దిబ్బరొట్టె. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపిన పిండిని నూనె రాసిన దళసరి ఇనుప మూకుడులో రెండంగుళాల మందాన పోసి, మూత పెట్టి, సన్నని మంట మీద వదిలేస్తారు. అడుగు ఎర్రగా కరకరలాడే పెచ్చుగా మారాలి, లోపల మాత్రం దూదిలా ఉండాలి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. అరగంట పట్టే వంటకం కనుక చాలా హోటళ్లు దీని జోలికి పోవు. మా గైడు రేవులో ఉండగానే ఫోను చేసి మూకుడు ఎక్కించమని చెప్పాడు; మేము బల్ల దగ్గర కూర్చునేసరికి రొట్టె దింపుతున్నారు. యాత్రా సంస్థకు మనం డబ్బు ఇచ్చేది ఇలాంటి ముందుచూపుకే. అల్లం పచ్చడితో కారంగా ఒక ముక్క, బెల్లం పాకంతో తీపిగా ఒక ముక్క తిన్నాక ఇంకేమీ తినగల స్థితిలో మేము లేము. అయినా బయటికి రాగానే బండి మీద చోడి (రాగి) అంబలి కనిపించేసరికి మా పిన్ని ఆగిపోయింది. రాగి సంగటి తిని పెరిగిన మనిషికి మజ్జిగ కలిపిన ఆ అంబలి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, ఆవకాయ బద్ద ఇంటి భోజనంలాగే అనిపించాయట. ఇది ప్యాకేజీలో లేదు; డబ్బులు గైడే ఇచ్చి, మేము ఎంత చెప్పినా తిరిగి తీసుకోలేదు.

తర్వాత పాతపట్నం. బురుజుపేటలోని కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భాలయం మీద కప్పు ఉండదు. అమ్మవారు ఎండావానల్లో ఆరుబయటే ఉంటుంది, భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు సమర్పించుకోవచ్చు. మార్గశిర మాసంలో గురువారాలు ఆ వీధుల్లో అడుగు పెట్టడానికి చోటుండదు గాని, మాఘంలో శనివారం పొద్దున ప్రశాంతంగా దర్శనమైంది. అక్కడి నుంచి ఓడరేవు ముఖద్వారం వైపు వెళ్లి, వరుసగా నిలబడిన మూడు చిన్న కొండలను చూశాం. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, మధ్యదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మూడోదైన రాస్ హిల్ మీద చర్చి. ఎదురుగా నీళ్లకు అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో ఓడరేవు తెరిచినప్పటి నుంచి లోపలికి వచ్చే ప్రతి ఓడా ఈ కొండల ముందు నుంచే పోతుంది. శనివారం కదా అని పిన్ని వేంకటేశ్వరస్వామి కొండ ఎక్కుతానంటే, పట్టికలో లేకపోయినా డ్రైవరు కారును పైదాకా పోనిచ్చాడు. ఇంతవరకు ఎవరూ మమ్మల్ని తొందరపెట్టలేదు.

తొందర బీచ్ రోడ్డు మీద మొదలైంది. భీమిలి దారిలో నగరానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న తొట్లకొండ బౌద్ధారామానికి పట్టికలో ఇచ్చిన సమయం ముప్పావు గంట. నౌకాదళం ఇక్కడ స్థావరం కోసం గగనతల సర్వే చేయించినప్పుడు బయటపడిన ఈ కొండను రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు తవ్వింది. సుమారు రెండువేల ఏళ్ల కిందట భిక్షువులు ఇక్కడ నివసించేవారు. వాననీటిని పట్టి ఉంచడానికి రాతిలో తొలిచిన తొట్లు, మహాస్తూపం, భిక్షువుల గదుల పునాదులు, శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు దొరికిన చోటు: ఇవి చూడటానికి ముప్పావు గంట సరిపోదు. ఆహారం పేరు పెట్టుకున్న యాత్రలో గైడు తప్పక ఆగి చూపవలసినది మరొకటి ఉంది. ఈ ఆరామంలో భిక్షువుల భోజనశాల, సరుకులు దాచిన గదుల పునాదులు కూడా బయటపడ్డాయి. సముద్రం కనిపించే కొండ మీద అంతమంది ఒకచోట కూర్చొని భోజనం చేసిన స్థలాన్ని దాటుకుంటూనే మేము వెళ్లాం, కాని గైడు ఒక్క మాటా చెప్పలేదు. బోర్డు చదివి నేనే పిల్లవాడికి చూపించాను. రేవులో అంత బాగా చెప్పిన కుర్రవాడే ఇక్కడ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. తప్పు అతనిదని అనను, ఎందుకంటే ఆఫీసు నుంచి అప్పటికే రెండుసార్లు ఫోను వచ్చింది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇంకా అన్యాయం. సముద్రమట్టం హెచ్చుతగ్గులైన కాలాల్లో వేల ఏళ్లపాటు చేరిన ఇసుక, అందులోని ఇనుము వల్ల ఎరుపెక్కి, వానలకు కోసుకుపోయి లోయలుగా ఏర్పడిన ఈ దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. దక్షిణాసియాలో ఇలాంటి తీర దిబ్బలు తమిళనాడులో, శ్రీలంకలో తప్ప వేరేచోట పెద్దగా లేవు. మాకు ఇచ్చింది రోడ్డు పక్కన దిగి ఫొటో తీసుకునేంత సమయం. వేళ కూడా తప్పే. సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు ఆ ఎరుపంతా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పొద్దు వాలే వేళ అక్కడికి తీసుకువెళ్లని యాత్ర అసలు తీసుకువెళ్లకపోయినా నష్టం లేదు. డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉన్న భీమిలి అక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్నా పట్టికలో లేదు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఆ ఊరిని వదిలేసి కారు వెనక్కి తిప్పారు.

వెనక్కి తిప్పింది భోజనం కోసం. రుషికొండ దాటాక బీచ్ రోడ్డు మీద పెద్ద అద్దాల ఏసీ రెస్టారెంటు. యాత్రా కార్లన్నీ అక్కడే ఆగి ఉన్నాయి. మా బల్ల మీదికి వచ్చినవి అపోలో ఫిష్, చిల్లీ రొయ్యలు, చికెన్ బిర్యానీ, రుమాలీ రొట్టె. వంట చెడ్డదని చెప్పలేను. హైదరాబాదులోనో బెంగళూరులోనో తింటే ఫిర్యాదు చేయడానికి ఏమీ ఉండదు. కాని తెల్లవారుజామున మొప్పలు ఎత్తి చూపించి, వేలితో నొక్కి తాజాదనం నేర్పిన యాత్ర, మధ్యాహ్నం ముల్లూ తోలూ లేకుండా మైదాలో ముంచి వేయించిన ముక్కలను తెచ్చి పెడితే దానిని ఏమనాలి? ఇది ఏ చేప అని వదిన అడిగితే వడ్డించే అబ్బాయి లోపలికి వెళ్లి కనుక్కొని వచ్చి, “బోన్‌లెస్ అండీ” అన్నాడు.

విశాఖ చేపల పులుసు ఆ బల్ల మీద ఉండవలసింది. చింతపండు పులుసులో వేయించిన ఉల్లిముద్ద, ధనియాల పొడి, మెంతులు పడి, పులుపును అదిమి ఉంచడానికి చిటికెడంత బెల్లం తగిలి, ముక్క విరగకుండా గరిటె పెట్టకుండా గిన్నెను పట్టి తిప్పుతూ మరిగించిన పులుసు ఈ ఊరి సంతకం. నెత్తళ్ల వేపుడు, పీతల ఇగురు, సొరచేపతో చేసే సొరపుట్టు వంటివి దాని తర్వాతి వరుస. పులుసును పొద్దున్నే దించి మధ్యాహ్నానికి ముక్కకు పట్టనిచ్చి ఆకులో వడ్డించే చిన్న హోటళ్లు ఊళ్లోనూ, భీమిలి దారిలోనూ ఉన్నాయి. ఏసీ ఉండదు, చేతులు కడుక్కునే చోటు ఇరుకు. యాత్రికులు అక్కడ కూర్చోరని సంస్థవారు అనుకుంటున్నారేమో. తెల్లవారుజామున చేపల రేవులో తడి నేల మీద నిలబడటానికి సిద్ధపడినవారు బల్ల ఇరుకైతే లేచిపోతారా?

పిన్ని విషయంలో జరిగింది నాకు ఇంకా బాధ కలిగించింది. శనివారం తను నీచు ముట్టదని బుకింగు రోజునే చెప్పాం, వారూ రాసుకున్నారు. తీరా వచ్చింది పనీర్ కూర, జీరా రైస్. మాఘం వచ్చేసరికి ఉత్తరాంధ్రలో లేత పనసకాయలు దిగడం మొదలవుతుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన ముక్కల పులుసు, నువ్వుగుండ చల్లిన చిక్కుడుకాయ కూర పెట్టి ఉంటే ఆవిడ కర్నూలు వెళ్లి పదిమందికి చెప్పేది. తెలుగువారిలో శనివారం, సోమవారం, గురువారం అంటూ ఏదో ఒక వారం మాంసం మానేసేవారు ఎంతమంది ఉంటారో ఈ వ్యాపారంలో ఉన్నవారికి తెలియనిది కాదు. శాకాహారం అనగానే పనీర్ గుర్తొస్తే ఆ యాత్రకు ‘ఊరి రుచులు’ అనే మాట తగదు.

భోజనం తర్వాత పట్టికలో సింహాచలం ఉంది. దానిని మేము ముందే తీసివేయించాం. కృష్ణదేవరాయలు వచ్చి దర్శించుకున్న క్షేత్రం, ఏడాదిలో అక్షయ తృతీయ నాడు తప్ప స్వామి చందనపు పూతలోనే ఉండే గుడి. శనివారం మధ్యాహ్నం క్యూలో గంటలో ముగించగలమని అనుకోవడమే పొరపాటు. వేరే రోజు పెట్టుకొని, దర్శనం చేసుకొని, మెట్ల దగ్గర కూర్చొని పులిహోర ప్రసాదం తిని రావలసిన చోటది. దాని బదులు కైలాసగిరికి తీసుకువెళ్లారు. రోప్‌వే, నలభై అడుగుల శివపార్వతుల విగ్రహాలు పిల్లవాడికి నచ్చాయి. మధ్యాహ్నం రెండున్నరకు సముద్రం మీది నుంచి కొట్టే ఎండలో పెద్దలకు నీడ వెతుక్కోవడమే సరిపోయింది. కొండ దిగాక శంఖాలు, ముత్యాలు అమ్మే ఒక దుకాణం ముందు కారు ఆగింది. పట్టికలో లేని ఈ మజిలీ ఎందుకో అందరికీ తెలిసిందే. మేము దిగబోమని చెప్పగానే డ్రైవరు మారుమాట లేకుండా బండి కదిలించాడు, ఇలాంటిచోట మొహమాటపడకూడదు.

సాయంత్రం ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి దగ్గర యాత్ర మళ్లీ గాడిలో పడింది. ఐఎన్‌ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పాల్గొంది, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. మరుసటి ఏడాది దానిని ఒడ్డుకు లాగి మ్యూజియంగా తెరిచారు. తొంభై మీటర్లకు పైగా పొడవున్నా లోపల మనిషికి దక్కే చోటు చాలా తక్కువ. ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గోడలోని గుండ్రటి కంత గుండా ముందు ఒక కాలు, తర్వాత తల, ఆ తర్వాత రెండో కాలు దూర్చాలి. టార్పెడోల పక్కనే నావికుల పడకలు. ఒకరు పక్కకు తిరిగితే పైవాడి పడకకు భుజం తగిలేంత ఎడం. ఇక్కడ గైడుగా ఉన్న విశ్రాంత నావికుడు ఈ ఇనుప గొట్టంలోనే వంట కూడా జరిగేదని చెబుతూ వంటగది చూపించాడు. మా ఇంటి పూజగది అంత ఉంటుందేమో. డెబ్బై మందికి పైగా మనుషులకు మూడు పూటలా అందులోనే వండేవారంటే మా వదిన చాలాసేపు ఆ గడప దగ్గరే నిలబడింది. మోకాళ్ల నొప్పులున్న పిన్ని రెండో కంత దగ్గరే వెనక్కి వచ్చేసింది. లోపల వెనక్కి తిరగడం కష్టం కనుక పెద్దవారికి ఈ సంగతి టికెట్టు కొనేముందే చెప్పాలి. మాకు సంస్థవారు చెప్పలేదు.

రోడ్డుకు అవతలి పక్క టీయూ-142 విమానం. ఇరవై తొమ్మిదేళ్లు సముద్రాల మీద నిఘా తిరిగి 2017 మార్చిలో పదవీ విరమణ చేసిన ఈ నాలుగు ఇంజన్ల భారీ విమానం విశాఖ చేరాక, దానిని విడదీసి బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్లీ కూర్చారు. మేనల్లుడికి కురుసుర కన్నా ఇదే నచ్చింది, కాక్‌పిట్ దగ్గర నుంచి కదిలించడానికి నానా అవస్థ పడ్డాం. సోమవారం కురుసురకు సెలవని, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారని గుర్తుంచుకుంటే ఈ రెండింటినీ సాయంత్రానికి ఉంచుకోవడమే మేలని తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో సంస్థ పట్టిక సరైనదే.

చీకటి పడ్డాక ఇసుక పక్కన చిరుతిళ్లు. ఆర్కే బీచ్‌లో ముర్రీ మిక్చర్ కలిపే మనిషి చేతులు చూడటం కూడా ఒక కాలక్షేపమే. పెద్ద డబ్బాలోంచి దోసెడు మరమరాలు గిన్నెలో పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర వేసి, వేయించిన పల్లీలు, కారప్పూస, కారం, ఉప్పు చల్లి, సగం నిమ్మకాయను వేళ్ల మధ్య పెట్టి గింజలు పడకుండా పిండి, గరిటెను గిన్నె అంచుకు టకటక కొడుతూ పదిసార్లు తిప్పి, కాగితం పొట్లంలోకి ఒంపేవరకు ఒక నిమిషం కూడా పట్టలేదు. ఒక్క షరతు: పొట్లం చేతికి రాగానే తినాలి. సముద్రపు గాలికి, టమాటా రసానికి మరమరాలు క్షణాల్లో మెత్తబడతాయి. ఫొటో తీసుకుంటూ నిలబడ్డ అన్నయ్యకు మిగిలింది ఆ మెత్తబడినదే. కోడిగుడ్డు బజ్జీని మధ్యకు చీల్చి ఉల్లిపాయ, కారం, నిమ్మరసం కూరి ఇచ్చారు, బాగుంది. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న మాత్రం ముదురు.

అక్కడే ఒక బండి మీద బొంగులో చికెన్ కూడా ఉంది, ప్యాకేజీలో అదే ‘ముఖ్య ఆకర్షణ’ అని రాశారు. అరకు ప్రాంతంలో పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకులతో మూతి మూసి, నూనె చుక్క లేకుండా మంటలో కాలుస్తారు. బొంగులోని తడికి, మాంసంలోని కొవ్వుకే అది మగ్గుతుంది. బీచ్‌లో మాకు ఇచ్చినదానిలో బొంగు ఎండినది, మాంసం ముందే ఉడికినది. దానికోసం అరకు వెళ్లడమే మంచిది. ఈ నగర యాత్రలో ఆ డబ్బును మాడుగుల హల్వాకు మళ్లించుకోవాలని నా సలహా. నానబెట్టిన గోధుమలను రుబ్బి తీసిన పాలను నెయ్యితో, జీడిపప్పుతో గంటల తరబడి కలియబెట్టి చేసే ఆ హల్వా నగరంలో చాలా మిఠాయి దుకాణాల్లో దొరుకుతుంది, కర్నూలు దాకా ప్రయాణం చేసినా చెడదు. మేము అడిగితే డ్రైవరు ఒక మంచి దుకాణం దగ్గర ఆపాడు. తీసుకున్న రెండు డబ్బాల్లో ఒకటి కారులోనే సగమైంది.

డ్రైవరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దున ఐదుకు ముందే వచ్చి నిలబడటం, పిన్నిని “అమ్మా, నెమ్మదిగా” అంటూ ప్రతిచోటా మెట్టు దగ్గరికి కారు తేవడం, ఘాట్ మలుపుల్లో వేగం పెంచకపోవడం వల్ల రోజంతా ఎవరికీ అలసట తెలియలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి చేర్చాడు. మరునాడు ఆఫీసుకు ఫోను చేసి భోజనం, దుకాణం సంగతులు చెబితే మర్యాదగానే విన్నారు, రూ. 800 తగ్గించి వెనక్కి ఇచ్చారు. భోజనం తీసేసి అంతమేరకు ధర తగ్గించిన ప్యాకేజీ కూడా ఉందని అప్పుడు చెప్పారు. కరపత్రంలో ఎక్కడా లేని ఈ వీలును బుకింగు రోజే అడిగి తీసుకోవాలి. అలా చేసినవారు మధ్యాహ్నం మంచి పులుసు హోటల్లో తిని, కైలాసగిరి బదులు తొట్లకొండకు రెండు గంటలు, సాయంత్రపు వెలుగులో ఎర్రమట్టి దిబ్బలకు ఒక గంట అడగవచ్చు. దిబ్బల కోసం కురుసురను చీకటి పడ్డాకకు జరపవలసి వచ్చినా పర్వాలేదు, రాత్రి ఎనిమిది దాటేవరకు అది తెరిచే ఉంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ అరవై ఒక్క రోజులు బోట్లన్నీ రేవులో లంగరు వేసి ఉంటాయి. వేసవి సెలవుల్లో పిల్లలతో వచ్చే కుటుంబాలు సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కువ. ఆ నెలల్లో పొద్దున్నే రేవుకు వెళితే వలలు బాగుచేసుకునేవారు తప్ప వేలం కనిపించదు, హోటళ్లలో వంజరం ధర కూడా చుక్కల్లో ఉంటుంది. ఆ కాలంలో రేవు బదులు ఏం చూపిస్తారని అడిగితే, ఆరుకు బయలుదేరి భీమిలి వైపు వెళ్లి వస్తామని ఆఫీసువారు చెప్పారు. ఆ ఏర్పాటు కావాలనుకునేవారు బుకింగు కాగితం మీద రాయించుకోవడం మంచిది.